ధర ఒక్కటే కాదు, గేజి కూడా వేయండి

సంపాదకులకు,

అయ్యా,

గోదావరికి ఎర్రనీరు తగిలిన నాలుగో రోజుకల్లా మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వస్తుంది. ఎవరో ఒకాయన పులసను మొప్పల దగ్గర పట్టుకుని నవ్వుతూ ఉంటారు. పక్కనే పెద్ద అక్షరాల్లో ధర. ఈసారీ వచ్చింది. అదే పేజీ అడుగున, స్థలాల ప్రకటనల పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం, సముద్రంలోకి వదిలిన నీరు వేశారు. ఆ రెండు వార్తలూ ఒక తల్లి బిడ్డలే. మీరు చెరొక మూలన కూర్చోబెట్టారు. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం. పొడుగైందని కత్తిరించవలసి వస్తే ఇంకేదైనా కత్తిరించండి గానీ నీటి సంగతి ఉంచండి.

నేను ధవళేశ్వరంలో నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. వరద రోజుల్లో గంటకోసారి గేజి, అంటే నీటిమట్టం కొలిచే అడుగుల రాయి, చూసి పుస్తకంలో ఎక్కించడం నా పని. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ మూడు అంకెలూ మా ఇంట్లో పిల్లల పుట్టినరోజుల కన్నా బాగా గుర్తుంటాయని నా భార్య ఎత్తిపొడుస్తూ ఉండేది. అన్నేళ్ళు గేజి చూసినా, దాన్ని చూసి చేప ఎక్కడుందో చెప్పవచ్చని నాకు ఏనాడూ తట్టలేదు. గేజి అంటే భయానికి, చేప అంటే పులుసుకు అనుకున్నాను. నా కళ్ళు తెరిపించింది గోదావరి కాదు, అమెరికాలో టెనెసీ నది. అదీ ఒక జానెడు చేప.

మా పెద్దబ్బాయి అలబామా రాష్ట్రంలో హంట్స్‌విల్‌లో ఉద్యోగం చేస్తాడు. రాకెట్ల ఊరు అది. ఇల్లు మాత్రం అక్కడికి కొంచెం దూరంలో డెకేటర్ అనే ఊళ్ళో, నది ఒడ్డున. పోయిన ఫిబ్రవరిలో మేమిద్దరం వెళ్ళాం. అమెరికా వెళ్ళిన తల్లిదండ్రుల కష్టాలు మీ పత్రికలో చాలా చదివాను కనుక వాటిని మళ్ళీ రాయను. నాకైతే ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో నది దొరికింది. నది ఉన్నచోట నాకు పొద్దు పోతుంది.

టెనెసీ నది 652 మైళ్ళ పొడవు. అసలు నది మీదే తొమ్మిది ఆనకట్టలున్నాయి. 1933లో పుట్టిన టెనెసీ వ్యాలీ అథారిటీ అనే సంస్థ వాటిని నడుపుతుంది. మన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కు నమూనా అదే. డెకేటర్‌కు ఎగువన గంటర్స్‌విల్ ఆనకట్ట, దిగువన వీలర్ ఆనకట్ట. కాబట్టి ఊరి దగ్గర కనిపించేది వీలర్ ఆనకట్ట వెనక నిలిచిన నీరు. మన ధవళేశ్వరం బ్యారేజీ పైన రాజమండ్రి దగ్గర నీరు నిలిచినట్టే. పైకి చూస్తే చెరువు, అడుగున పాత నది. వాళ్ళు లేక్ అంటారు, నేను మాత్రం నదే అంటాను.

పొరుగింటి పెద్దాయన బార్జీల మీద, అంటే నదిలో సరుకు మోసే పెద్ద పడవల మీద, పనిచేసి రిటైరైన మనిషి. నా ఇంగ్లీషు ఆయనకు అర్థం కాదు, ఆయన ఇంగ్లీషు నాకు అర్థం కాదు. మా మధ్య మనవడే దుబాసి. మార్చి మొదటి వారంలో ఆయన ఫ్లింట్ క్రీక్ అనే వాగు ఒడ్డున ఒక తాడుకు థర్మామీటరు కట్టి నీళ్ళలోకి వదలడం చూశాను. పైకి తీసి, కళ్ళజోడు సవరించుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. పుస్తకం అంచులు తడిసి ముడతలు పడ్డాయి. నా గేజి పుస్తకం కూడా అచ్చం అలాగే ఉండేది. అడగకుండానే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

ఆయన వెతుకుతున్నది క్రాపీ అనే చేపను. అక్షరాల ప్రకారం చదివితే వేరే ఏదో చెడ్డమాట వినబడుతుందని మనవడు పడీపడీ నవ్వేవాడు. చందువాలా పక్కలు అదిమినట్టు పలచగా ఉంటుంది. వెండి ఒంటి మీద నల్లమచ్చలు. తెల్లది, నల్లది అని రెండు రకాలు. రంగును నమ్మకూడదట, వీపు మీది ముళ్ళు లెక్కపెట్టాలట. ఆరు, అంతకు తక్కువైతే తెల్లది, ఏడో ఎనిమిదో ఉంటే నల్లది. మూతి చుట్టూ తోలు ఎంత పలచనంటే దానికి కాగితం మూతి అని ముద్దుపేరు. లూసియానాలో ఫ్రెంచి మాటల్లో పాలసంచి అంటారట. మాంసం తెల్లగా ఉంటుంది కనుక కాబోలు. ఇది పెద్ద చేపేమీ కాదు. తెల్ల క్రాపీలో ప్రపంచ రికార్డు 1957లో మిసిసిపీ రాష్ట్రంలో ఈనిడ్ లేక్‌లో పడింది, దాని బరువు 5 పౌన్ల 3 ఔన్సులు. మన లెక్కలో రెండు కిలోల మూడు వందల యాభై గ్రాములు. మన ఊళ్ళో ఎవరూ ఫొటో కూడా తీయరు.

అయినా వసంతం వస్తే ఆ ఊరి సగం మగవాళ్ళకు, కొందరు ఆడవాళ్ళకు కూడా, దాని గుడ్ల కాలం తప్ప వేరే ధ్యాస ఉండదు.

నేను మొదట నది మధ్యకు చూశాను. గోదావరి వాడిని కదా. చేప గుడ్లు పెట్టడానికి బయలుదేరిందంటే ప్రవాహానికి ఎదురు వస్తుందని నా లెక్క. పెద్దాయన నా భుజం పట్టి నన్ను వెనక్కి తిప్పారు. నది వైపు నా వీపు, వాగు వైపు నా మొహం. ఆ రోజు ఆయన చెప్పిన పాఠం అంతే. ఇంటికి వచ్చాక మనవడు వివరించాడు: పులస ఏటికి ఎదురెక్కే చేపైతే, క్రాపీ ఏటి నుంచి పక్కకు తప్పుకునే చేప. దానికి ప్రవాహం అంటే పడదు. కనుక నదిలో దాన్ని వెతకడం అంటే నది జోరు ఎక్కడ లేదో వెతకడం. వాగు నదిలో కలిసే మూల, ఒడ్డు విరిగి చెట్టు పడిపోయిన చోట దాని వెనక, పడవలు కట్టే రేవుల కింద, పాత పాయల్లో నిలిచిన నీరు. వడి నీటికీ నిలవ నీటికీ మధ్య నురగ గీత ఒకటి కనిపిస్తుంది చూడండి, ఆ గీతకు లోపలి వైపు.

చలికాలంలో అది లోతున, పాత వాగు మునిగిపోయిన గాడి అంచున ఉంటుంది. నీరు వెచ్చబడుతున్న కొద్దీ ఆ గాడినే దారిగా పట్టుకుని లోపలికి నడుస్తుంది. ఒక్కసారిగా రాదు. వాగు మూతి దగ్గర కొన్నాళ్ళు ఆగుతుంది. తర్వాత మొదటి మలుపులో, మోడులు మునిగి ఉన్నచోట ఆగుతుంది. పుట్టింటికి బయలుదేరిన నిండు గర్భిణి దారిలో చుట్టాల ఇళ్ళలో ఆగుతూ వెళ్ళినట్టు. ఆ మజిలీలు తెలిసిన వాడు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటూ వెనకాలే వెళ్ళవచ్చు. నీరు వాళ్ళ లెక్కలో 60 డిగ్రీలు దాటి 65 వైపు పోతుంటే, అంటే మన లెక్కలో పదహారు నుంచి పద్దెనిమిది, అప్పుడు ఒడ్డు దగ్గర మోకాలి లోతుకు, నడుము లోతుకు వచ్చేస్తుంది. మగచేపలు ముందు వస్తాయి. ఆ రోజుల్లో వాటి తల, రొమ్ము నల్లబడతాయి. నల్ల క్రాపీ మగదైతే కాటుక పూసినట్టు మారిపోతుంది. తోకతో, రెక్కలతో అడుగున బురద ఊడ్చి గూడు చేసుకుంటాయి, ఒకదాని పక్కన ఒకటి, కాలనీ ఇళ్ళలా. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. కాపలా మగదానిదే. మన కొర్రమీను కూడా పిల్లలను కాస్తుంది, పైన ఎర్రటి పిల్లల గుంపు తేలుతుంటే కింద పెద్ద చేపలు తిరగడం మనలో చాలామంది చూసే ఉంటారు. ఇక్కడ మాత్రం తండ్రి ఒక్కడే.

నదిలో 57 డిగ్రీలు ఉన్న రోజున వాగు చివర 62 చూపించింది థర్మామీటరు. నేనే స్వయంగా తాడు వదిలి చూశాను. ఒకే నీరు, అర మైలు తేడా, ఐదు డిగ్రీలు. ఉత్తరపు ఒడ్డు ముందు వెచ్చబడుతుందని కూడా పెద్దాయన చెప్పారు. దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చే ఎండ దాని మీదే పడుతుంది, చల్లని ఉత్తరపు గాలి దానికి తగలదు. అందుకే ఏప్రిల్ మొదట్లో ఆయన వాగుకు ఒక పక్కనే నడిచేవారు. రెండో పక్క వారం తర్వాత. బురద నీరైతే చేప ఇంకా పైకి వస్తుందని, తేట నీరైతే లోతుగా గూడు పెడుతుందని, నల్ల క్రాపీకి తేట నీరు, నాచు ఇష్టమైతే తెల్లది బురదకు ఓర్చుకుంటుందని, చలిగాలి తిరిగి కొడితే మళ్ళీ లోతుకు జరుగుతుందని, ఇవన్నీ ఒక్కొక్కటీ ఒక్కో రోజు తెలిసినవి. ఇక డాగ్‌వుడ్ అని ఒక చెట్టు, అడవి అంచున తెల్లగా పూస్తుంది. అది పూస్తే క్రాపీ ఒడ్డుకొచ్చినట్టేనని అక్కడి నానుడి. ఆయన మాత్రం పువ్వును నమ్మరు, థర్మామీటరునే నమ్ముతారు. పువ్వు పూసిన రోజున నీరు 59 ఉందని ఒక ఏడాది పేజీ తిప్పి నాకు చూపించారు కూడా. నాకు ఆ మనిషి నచ్చింది అక్కడే.

మరి గేజి సంగతి. వీలర్ నీటిమట్టం చలికాలానికీ ఎండాకాలానికీ సుమారు ఆరు అడుగులు మారుతుంది. వరద నీటికి చోటు ఉంచడం కోసం చలికాలంలో దించుతారు, వసంతంలో నింపుతారు. సరిగ్గా చేప గుడ్లకు వచ్చే వేళకే నీరు ఎక్కుతూ ఉంటుంది. ఆ లెక్క అంతా ఫోనులో ఉంటుంది, ఏ ఆనకట్ట దగ్గర ఎంత మట్టం, గంటకు గంటకు ఎంత వదులుతున్నారు అనేది. వదిలే నీటిని వాళ్ళు కూడా క్షణానికి ఇన్ని ఘనపుటడుగులని కొలుస్తారు. అంటే క్యూసెక్కే! సముద్రాలు దాటి వెళ్ళి నా పాత స్నేహితుడిని కలిసినట్టయింది. ఒకరోజు గంటర్స్‌విల్ దగ్గర నలభై వేల క్యూసెక్కులు అని చూపించి పెద్దాయన గంభీరంగా తల ఊపితే, నాకు నవ్వు ఆగలేదు. మొదటి హెచ్చరికకే పది లక్షలు చూసిన వాడిని. మనవడి చేత ఆ మాట చెప్పించాను. ఆయన నమ్మలేదు. ఇప్పటికీ నమ్మారో లేదో నాకు అనుమానమే.

ఏప్రిల్ రెండో వారంలో రాత్రంతా వాన కురిసింది. ముందురోజు సాయంత్రం అలవాటు కొద్దీ నేను నీటి అంచున ఒక పుల్ల గుచ్చి వచ్చాను. ఎక్కడ నీరు కనిపిస్తే అక్కడ పుల్ల గుచ్చడం నాకు రోగం. పొద్దున వెళ్ళి చూస్తే పుల్ల మొదట్లో ఎనిమిది అంగుళాల నీరు ఉంది. పెద్దాయన మామూలు ప్రకారం మోడుల దగ్గరికి వెళ్ళబోతున్నారు. వారం రోజులుగా చేప అక్కడే పడుతోంది మరి. నేను చెయ్యి పట్టుకుని ఆపి పుల్ల చూపించాను. తర్వాత నీటి వెనకాల, నిన్నటిదాకా పొడినేల అయిన పొదలు చూపించాను. కొత్త నీరు ఎక్కిన చోటికి చేప ఎక్కుతుందని నాకు ఎవరూ నేర్పలేదు. తొలకరికి పొలం గట్లు తెగి నీరు పారితే చేపలు వరిమళ్ళలోకి ఎగబాకడం చిన్నప్పటి నుంచీ చూసినదే కదా. ఆయన కాసేపు పుల్లను, కాసేపు నన్ను చూశారు. ఏమీ అనకుండా పొదల వైపు నడిచారు.

అక్కడే ఉన్నాయి. మోకాలి లోతు నీళ్ళలో, బటన్‌బుష్ అనే పొదల కొమ్మల సందుల్లో. పది అడుగుల కర్ర, సన్నటి దారం, బెండు, దాని కింద గాలానికి బతికున్న చిన్న చేపపిల్ల. క్రాపీ కళ్ళు పైకి చూస్తాయి. కనుక ఎరను చేప కన్నా కిందికి వదిలితే కనబడదు, కాస్త పైనే వేలాడాలి. చేప పట్టితే బెండు మునగాలని నాకు తెలుసు. ఇక్కడ కొన్నిసార్లు బెండు మునగదు, పక్కకు ఒరిగి పడుకుంటుంది. కింద నుంచి ఎరను అందుకుని చేప పైకే వస్తుంది కనుక బరువు పోయి బెండు ఒరుగుతుంది. ఈ సంగతి తెలియక మొదటి మూడింటిని వదిలేశాను. తెలిశాక నాలుగోదాన్ని మన వాలుగను లాగినట్టు ఒక్క గుంజు గుంజాను. కాగితం మూతి చిరిగి చేప నీళ్ళలో పడింది. పెద్దాయన నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వారు. పుల్ల చూపించిన గర్వం కాస్తా అక్కడితో సరి.

ఆ పొద్దున నాకు పదకొండు పడ్డాయి. ఇంటికి తెచ్చుకున్నవి ఆరే. తొమ్మిది అంగుళాలు లేని చేపను తిరిగి నీళ్ళలో వేయాలని అక్కడ చట్టం. తొమ్మిది అంగుళాలంటే సరిగ్గా మన జానెడు. నేను స్కేలు లేకుండానే కొలిచేవాడిని. రోజుకు మనిషికి ముప్పై చేపలు మించకూడదు. లైసెన్సు ఉండాలి. అరవై ఐదేళ్ళు దాటిన వాళ్ళకు అది అక్కర లేదని విని సంతోషించాను గానీ, ఆ వెసులుబాటు ఆ రాష్ట్రం వాళ్ళకే. నా అరవై ఏడేళ్ళ వయసు అక్కడ చెల్లలేదు, డబ్బు కట్టాను.

జానెడు పైన ఉన్నవాటిలో కూడా బాగా నల్లబడ్డ మగచేపలు రెంటిని పెద్దాయన నా చేతిలోంచి తీసుకుని నీళ్ళలో వదిలారు. అది చట్టం కాదు, ఆయన సొంత నియమం. ఆ మగచేప గూటి మీద లేకపోతే గంట తిరిగేలోపు బ్లూగిల్ అనే ఇంకో చేప వచ్చి గుడ్లన్నీ తినేస్తుందట. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది, పట్టిన చేపను వదలడం మా ఇంటా వంటా లేదు. ఇక పడవల మీద వచ్చే కుర్రవాళ్ళు వేరే. పడవ ముందు సాలీడు కాళ్ళలా ఎనిమిదేసి కర్రలు, పక్కన తెర. నీళ్ళ లోపల చేప ఎటు కదులుతోందో ఆ తెర మీద అప్పటికప్పుడు కనిపిస్తుంది. దాన్ని ఉండనివ్వాలా వద్దా అని అక్కడ పెద్ద వాదనే నడుస్తోంది. మా పెద్దాయన దాన్ని టీవీ చూడటం అంటారు. నేను ఒకసారి ఆ తెర చూశాను, చాలా బాగుంది. ఆయనకు చెప్పలేదు.

వంట సంగతి రెండు మాటల్లో. నా భార్య చింతపండు పులుసు పెట్టింది. క్రాపీ మాంసం మెత్తన, పులుసు రెండు పొంగులు వచ్చేసరికి ముక్క కరిగి గుజ్జయింది. పెద్దాయన ఇంట్లో మొక్కజొన్న పిండిలో దొర్లించి నూనెలో వేయించారు, అది బ్రహ్మాండంగా ఉంది. తింటూ ఆవిడ తెలుగులో నాతో అన్నది, "ఏరడానికి ముల్లే లేకపోతే అది చేప ఎలా అవుతుందండీ" అని. పులస ముళ్ళు ఏరుతూ పెరిగిన నోరు అది.

ఈ కథంతా మీకెందుకు రాస్తున్నానంటే, జూన్‌లో తిరిగి వచ్చాక నేను చూసిన దాని వల్ల. జూలైలో నీరు ఎర్రబడింది. మీ పేజీలో ఫొటో వచ్చింది. మర్నాడు నేను రేవుకు వెళ్ళి, వల సర్దుకుంటున్న ఒక పెద్దమనిషి పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆయన నాకు దణ్ణం పెట్టడం, నేను తల ఊపడం తప్ప మేం మాట్లాడుకున్నది లేదు. పులస జాడ ఎలా కడతారు అని అడిగాను. ఆయన బదులుగా నన్నే అడిగారు. "ఇన్‌స్పెక్టరు గారూ, ఈ రోజు గేట్లు ఎంత ఎత్తారు?"

నూట డెబ్బై ఐదు గేట్లున్న బ్యారేజీ అది. ఏ గేటు ఎంత లేస్తే ఏ పాయలో వడి పెరుగుతుందో, ఏ పక్క నీరు ముందు ఎర్రబడుతుందో ఆయనకు కంఠతా వచ్చు. నేను లెక్కలు పుస్తకంలో రాసిన మనిషిని, ఆయన ఆ లెక్కలతో బతికిన మనిషి. కానీ ఆ రోజు లెక్క ఆయనకు తెలిసేది టీ కొట్టులో ఎవరో చెబితేనే. లేకపోతే మీ పేపరులో మర్నాడు, అడుగున, స్థలాల ప్రకటన పక్కన. వరద హెచ్చరిక స్థాయికి చేరితే మైకులు, సైరన్లు అన్నీ మోగుతాయి. దానికి లోపల, ఎనిమిది తొమ్మిది అడుగుల మధ్య నీరు ఆడుతున్న రోజుల్లో ఆ అంకె ఎవరికీ అక్కరలేని అంకె. పులస వచ్చేది మాత్రం ఆ రోజుల్లో కూడా.

క్రాపీకి, పులసకు పోలికే లేదని మత్స్యశాఖ వాళ్ళు అంటే ఒప్పుకుంటాను. అది గాలానికి పడుతుంది, దీనికి వల కావాలి. అది వాగులో పుట్టి వాగులో పెరుగుతుంది, ఇది సముద్రం నుంచి వస్తుంది, వచ్చేదాకా దాని పేరు కూడా విలసే. అది గుడ్డు కాస్తుంది, ఇది నీళ్ళలో వదిలి వెళ్ళిపోతుంది. ఒక్క పోలిక మాత్రం ఉంది. గుడ్లు పెట్టే కాలంలోనే రెండూ సులువుగా దొరుకుతాయి. మిగతా ఏడాదంతా మనిషి చేపను వెతకాలి, అప్పుడు మాత్రం చేపే మనిషి ఉన్నచోటికి నడిచి వస్తుంది. అందుకే అక్కడ జాన కొలత పెట్టారు, ముప్పై లెక్క పెట్టారు. ఇక్కడ జన, అంటే కడుపులో గుడ్లు, ఉన్న పులసకు ఇంకో వెయ్యి ఎక్కువ. ఆ వెయ్యి ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. పుస్తెలమ్మైనా పులస తినాలని మా నాన్నగారు అనేవారు, నేను కూడా అల్లుడితో అన్నాను. కనుక తినవద్దని ఎవరికీ చెప్పే అర్హత నాకు లేదు. ఎన్ని చేపలు వచ్చాయి, ఎంత కొలత, జన ఉన్నవెన్ని, లేనివెన్ని, నీరు ఎంత ఉన్న రోజున వచ్చాయి అని ఎవరైనా రాసి పెడుతున్నారా అన్నదే నా ప్రశ్న. డెకేటర్‌లో ఒక రిటైరైన బార్జీ మనిషి జేబులో అది ఉంది. ఇన్ని వందల ఏళ్ళుగా పులస తింటున్న గోదావరి ఒడ్డున నాకు కనబడలేదు.

చేప ఎక్కడుందో, ఎప్పుడుందో పేపరులో వేస్తే ఉన్న నాలుగూ పట్టేస్తారు కదా అని మీరు అడగవచ్చు. మా అబ్బాయి కూడా అదే అడిగాడు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పట్టేవాళ్ళకు ఆ సంగతి మీకన్నా నాకన్నా ముందే తెలుసు, తెలియనిది కొనేవాళ్ళకూ రాసేవాళ్ళకూ మాత్రమే అని అన్నాను. వాడు ఒప్పుకోలేదు, నేనూ వదల్లేదు.

నేను కోరేది చిన్నదే. పులస ఫొటో వేసిన రోజున, ఆ ధర పక్కనే, అదే సైజు అక్షరాల్లో, ఆ రోజు ధవళేశ్వరం మట్టం ఎన్ని అడుగులు, ఎన్ని గేట్లు ఎంత ఎత్తారు, ఎంత నీరు వదిలారు అని వేయండి. వీలైతే నీరు ఎంత వెచ్చగా ఉందో కూడా. థర్మామీటరు కొనడానికి పెద్ద ఖర్చు కాదు, తాడు నేను ఇస్తాను. మీ విలేకరి వేలంపాట దగ్గరికి వెళ్ళి పాడుకున్న ఆసామిని అడిగే ప్రశ్నల్లో సగం, పడవ దిగిన మనిషిని అడగమనండి. ఏ పాయలో పడింది, నీరు ఎక్కుతుండగానా తీస్తుండగానా, చేప పొడవెంత. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని బ్యారేజీ నాలుగు చేతులూ నాలుగు పాయల మీద ఉన్నాయి, ఏ చేతి కింద పడిందో రాయకుండా గోదావరి పులస అని రాస్తే అది చిరునామా లేని ఉత్తరం.

జూలై పదో తేదీ నుంచి నేను రోజూ రాసుకుంటున్న కాగితాలు ఉన్నాయి. ముప్పై ఒక్క రోజులు, మధ్యలో జ్వరం వచ్చి రెండు రోజులు ఖాళీ. ఆ రెండు రోజులూ రేవు పెద్దమనిషి చెబితే తర్వాత పెన్సిలుతో ఎక్కించాను, పెన్నుతో రాసినవే నావి. మీ వాళ్ళు వస్తే ఇస్తాను. ఉదయం తొమ్మిది లోపు రేవు దగ్గరే ఉంటాను, ఇంటికి వస్తే నా భార్య టీ ఇచ్చి కూర్చోబెట్టి క్రాపీ పులుసు కథ మొదటి నుంచి చెబుతుంది, కనుక రేవుకే రావడం మేలు.

నిన్న రాత్రి డెకేటర్ నుంచి ఫోనుకు ఫొటో వచ్చింది. తడిసిన పుస్తకం, దాని మీద థర్మామీటరు. 84 డిగ్రీలు. చేప గాడిలోకి, లోతుకు వెళ్ళిపోయిందని మనవడి చేత కింద తెలుగులో రాయించారు. నేను మన గేజి రాయి ఫొటో తీసి పంపాను. 9.8 అడుగులు.

ఇట్లు,
విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్, నీటిపారుదల శాఖ,
ధవళేశ్వరం